రాత్రి రెండింటి జ్వరం చార్టులో మధ్యాహ్నం పడితే: నైట్ డ్యూటీ అటెండెంట్‌కు ఇంగ్లీషులో వేళలు నేర్పిన కేసు

నేపథ్యం

ముప్ఫై దాటిన మహిళ. ఉత్తరాంధ్రలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకుంది. హైదరాబాద్‌లో మంచాన ఉన్న పెద్దవాళ్లను ఇళ్లకు వెళ్లి చూసుకునే పని. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ. పేషెంట్ పెద్దాయన, వాళ్ల ఇంటి భాష తెలుగు కాదు. ఆమెకు హిందీ అంతంతమాత్రం. పెద్దాయన కూతురు అమెరికాలో ఉంటారు, రోజూ ఫోన్ చేసి తండ్రి ఎప్పుడు తిన్నారో, ఏ మందు ఎప్పుడు వేశారో అడుగుతారు. ఇద్దరికీ మధ్య మిగిలిన భాష ఇంగ్లీషే. గుర్తుపట్టే వీలు లేకుండా ఇక్కడ కొన్ని వివరాలు మార్చాను.

క్లాసుకు వచ్చేటప్పుడు ఆమె అడిగింది ‘స్పోకెన్ ఇంగ్లీష్’. రెండు ప్రశ్నలు వేసేసరికి అసలు అవసరం ఇంకా చిన్నదనీ, ఇంకా పదునైనదనీ తేలింది. ఏది ఎప్పుడు జరిగిందో తప్పు లేకుండా చెప్పగలగాలి, ఎప్పుడు చేయమన్నారో తప్పు లేకుండా వినగలగాలి. మిగతా ఇంగ్లీషు తర్వాత చూసుకోవచ్చు.

సమస్య ఎక్కడ బయటపడింది

రెండు సంఘటనలు. మొదటిది, కూతురు ఫోన్‌లో ఒక మాత్రను ‘క్వార్టర్ టు నైన్’కు వేయమన్నారు. ఈమె 9.15కు వేసింది. అరగంట ఆలస్యం. ఆ మాత్రతో ప్రమాదమేమీ లేకపోయింది కానీ నమ్మకం దెబ్బతింది. రెండోది ఇంకా పెద్దది. రాత్రి రెండింటికి జ్వరం వస్తే నోట్‌బుక్‌లో ‘ఫీవర్, 2 పీఎం’ అని రాసింది. మర్నాడు డాక్టర్ మధ్యాహ్నం జ్వరం గురించి పగటి అటెండెంట్‌ను అడిగితే, ఆవిడ జ్వరమే లేదంది. పారాసిటమాల్ లాంటి మాత్రకు డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. పన్నెండు గంటలు అటూ ఇటూ అయిన ఎంట్రీని చూసి ఎడం లెక్క కట్టడం కుదరదు.

పాఠం మొదలుపెట్టే ముందు ఆమెకు ఏం వచ్చో, ఏం రాదో విడదీసి చూడాల్సి వచ్చింది. గడియారం చూడటం వచ్చు. ముల్లుల గడియారమైనా ఫోన్ అంకెలైనా తడుముకోకుండా తెలుగులో చెబుతుంది. ఇంగ్లీషు అంకెలు అరవై దాకా వచ్చు, 15కూ 50కీ మాత్రం తేడా సరిగా పలకదు, వినదు. విడిగా ‘వాట్ టైమ్ ఈజ్ ఇట్?’ అంటే జవాబు వస్తుంది. ‘ఆయన ఎప్పుడు తిన్నారు?’ అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం నోరు పెగలదు. అంటే లోపం గడియారంలో లేదు, వేళను పనికి ముడివేసే చోట ఉంది. ఈ తేడా పట్టుకోకపోతే వారాల తరబడి గడియారమే నేర్పుతూ కూర్చుంటాం.

మొదట చేసినవి, అవి నిలవకపోవడానికి కారణాలు

ముందు అందరూ నడిచే దారే. అట్టతో గడియారం, కదిలే ముల్లులు, వరసగా ఓ క్లాక్, హాఫ్ పాస్ట్, క్వార్టర్ పాస్ట్, క్వార్టర్ టు, ఆపైన ఐదేసి నిమిషాలు. ముల్లు ఎక్కడ పెట్టినా క్లాసులో చెప్పేసింది. ఫోన్‌లో మళ్లీ అదే తడబాటు. అట్ట మీద ముల్లు ఎదురుగా ఉంటుంది, అది చూసి చెప్పడం వేరు. ఫోన్‌లో ముల్లు కనిపించదు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. పైగా ‘టు’ అనే మాట మామూలు వేగంలో దాదాపు వినిపించదు. చెవికి గట్టిగా తగిలేవి ‘క్వార్టర్’, ‘నైన్’ రెండే. ఆ రెండింటినీ కలిపి తెలుగు చెవి చేసుకునే అర్థం తొమ్మిదింపావు. అందుకే 9.15. ఆమె అజాగ్రత్తగా వినలేదు, తన భాష ప్రకారం సరిగ్గానే కూడింది.

రెండో ప్రయత్నం దినచర్య వ్యాసం. ‘ఐ గెట్ అప్ ఎట్ సిక్స్’తో మొదలై ‘ఐ గో టు బెడ్ ఎట్ టెన్’తో ముగిసే పదిహేను వాక్యాలు. శ్రద్ధగా కంఠతా పట్టింది. కానీ పొద్దున తొమ్మిదింటికి నిద్రపోయి మధ్యాహ్నం మూడింటికి లేచే మనిషికి ఆ వ్యాసంలో తన రోజంటూ ఎక్కడా లేదు. అందులోని కర్త కూడా ‘నేను’. ఫోన్‌లో అడిగేవన్నీ ‘ఆయన’ గురించి. ఇంకొక చిక్కు, బట్టీ పట్టిన వరసకు మధ్యలో తలుపులుండవు. ‘రాత్రి భోజనం ఎన్నింటికి?’ అని అడిగితే మనసులో మొదటి వాక్యం నుంచి పరిగెత్తుకుంటూ రావాలి. అంతలో అవతలివాళ్లు ఇంకో ప్రశ్న వేసేస్తారు.

ఆ వ్యాసం రాయించేటప్పుడే ఇంకో సంగతి కనపడింది. ఆమె తన డ్యూటీని తెలుగులో ఇలా చెప్పింది: ‘రాగానే షుగర్ చూసి, అన్నం పెట్టి, మాత్రలేసి, పక్క సర్ది పడుకోబెడతానండి.’ ఐదు పనులు, కాలాన్ని మోసే క్రియ చివర ఒక్కటే. చూసి, పెట్టి, వేసి, సర్ది అన్న వాటికి కాలంతోనూ కర్తతోనూ పని లేదు. అదే ఇంగ్లీషులో ప్రతి పనికీ కాలం తొడగాలి. ఆమె వాక్యాలు ‘ఆఫ్టర్ చెక్ షుగర్, ఆఫ్టర్ గివ్ ఫుడ్’ అంటూ సాగి మధ్యలో ఆగిపోవడానికి కారణం ఇదే. పదాలు చాలక కాదు. చివరి క్రియ కోసం ఎదురుచూస్తూ ముందువాటిని వదిలేస్తోంది. దినచర్య నేర్పేటప్పుడు తెలుగు వాళ్లతో ముందు తెంచాల్సింది ఈ గొలుసునే అని నా గట్టి అభిప్రాయం.

మూడోది, తెలుగు ఆధారంగా ‘టు’ను వివరించడం. ‘తొమ్మిదికి పావుగంట తక్కువ’లోని ‘కి’నే ‘టు’ అనుకోండి అని చెప్పాం. వెంటనే అర్థమైంది. వినేటప్పుడు కొంత పనికొచ్చింది కూడా. చెప్పేటప్పుడు మాత్రం తొమ్మిదిని ముందు తలచుకుని, దాన్ని వెనక్కి నెట్టి, పావును ముందుకు తేవాలి. ఆ తిరగవేతకు పట్టే సమయం సంభాషణలో దొరకదు.

దారి మార్చిన నిర్ణయాలు

మొదటి నిర్ణయం: చెప్పడానికి ఒకే పద్ధతి, వినడానికి అన్ని పద్ధతులూ. చెప్పేటప్పుడు ఫోన్ మీద కనిపించిన అంకెలే, ఉన్న వరసలోనే చదవాలి. 8.45 అంటే ‘ఎయిట్ ఫార్టీఫైవ్’. 9.15 అంటే ‘నైన్ ఫిఫ్టీన్’. పాస్ట్, టు రెండూ నోటి నుంచి పూర్తిగా తీసేశాం. తెలుగులోనూ గంట ముందు, నిమిషం తర్వాత కాబట్టి తిరగవేయాల్సిన పని లేదు. ఈ పద్ధతిలో జారే చోట్లు మూడే. 7.05ను ‘సెవెన్ ఫైవ్’ అంటారు, ‘సెవెన్ ఓ ఫైవ్’ అనాలి. ఎనిమిదిన్నర గంటలకు అనే అలవాటుతో ‘ఎయిట్ థర్టీ ఓ క్లాక్’ అంటారు. ఓ క్లాక్ నిండు గంటకే అని గట్టిగా చెప్పాలి. మూడోది, గంట అనే మాట మనకు వేళకూ వ్యవధికీ రెండింటికీ సరిపోతుంది కాబట్టి రెండు గంటలకు అనబోయి ‘ఎట్ టూ అవర్స్’ అంటారు.

15, 50 సంగతి వేరే. నొక్కు ఎక్కడ పడాలో చెప్పి అభ్యాసం చేయించవచ్చు, ఫిఫ్టీన్‌కు చివర, ఫిఫ్టీకి మొదట. కానీ తెలుగు వాళ్ల ఉచ్చారణలో ఆ తేడా నిలవడానికి చాలా కాలం పడుతుంది, ఫోన్‌లో చివరి ‘న్’ వినిపించకుండా పోతుంది. మందుల విషయంలో అంతకాలం ఆగలేం. అందుకని విమానాల రేడియోలో అంకెలను విడివిడిగా పలికే పద్ధతిని అరువు తెచ్చుకున్నాం. ‘నైన్ ఫిఫ్టీన్, వన్ ఫైవ్.’ ‘నైన్ ఫిఫ్టీ, ఫైవ్ జీరో.’ ఉచ్చారణ సరిపడకపోయినా వేళ తప్పదు.

వినడానికి చిన్న కార్డులు పన్నెండు. ఒక్కో కార్డు వెనక ఒకే వేళకు రెండు మూడు రూపాలు. నేను చదవాలి, ఆమె అంకెల్లో రాయాలి. వరసగా వెళితే ఊహించేస్తారు కాబట్టి ఎప్పుడూ పొరబడే జంటలనే పక్కపక్కన పెట్టాం: క్వార్టర్ టు నైన్, క్వార్టర్ పాస్ట్ నైన్; టెన్ టు సిక్స్, టెన్ పాస్ట్ సిక్స్. కూతురు అమెరికాలో ఉంటారు గనక అక్కడి రూపాలు కూడా చేర్చాల్సి వచ్చింది. ‘క్వార్టర్ ఆఫ్ నైన్’ అంటే 8.45, ‘క్వార్టర్ ఆఫ్టర్ నైన్’ అంటే 9.15. ఈ రెండూ చెవికి ఎంత దగ్గరో, అర్థంలో అంత దూరం. బ్రిటన్ వెళ్లే నర్సులకు నేర్పేవాళ్లయితే ‘హాఫ్ ఎయిట్’ కూడా వినిపించాలి, అక్కడ అది ఎనిమిదిన్నర. ఒక విడతకు ఐదారు నిమిషాలు చాలు. అంతకు మించితే చెవి అలిసి అన్నీ ఒకేలా వినిపిస్తాయి.

దీనికి తోడుగా నేర్పిన ఒకే ఒక వాక్యం, నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది: విన్న వేళను తన పద్ధతిలోకి మార్చి తిరిగి చెప్పడం. అవతల ‘క్వార్టర్ టు నైన్’ అంటే ఈమె ‘ఎయిట్ ఫార్టీఫైవ్, కరెక్ట్ మేడమ్?’ అనాలి. తప్పు విన్నా అక్కడికక్కడే దిద్దుబడుతుంది. అడగడం నామోషీ అనుకునే పెద్దవాళ్లకు ఇది ముఖ్యంగా నచ్చజెప్పాలి. ఆసుపత్రుల్లో ఫోన్ మీద ఆర్డర్ తీసుకున్న నర్సు కూడా రాసుకుని తిరిగి చదివి వినిపిస్తుందని చెప్పాక ఆమెకు సంకోచం పోయింది. అది రానివాళ్లు చేసే పని కాదు, పని తెలిసినవాళ్ల పద్ధతి.

ఏఎం, పీఎం

తెలుగులో ‘రాత్రి రెండు’ అంటే ఏ సందేహమూ లేదు. రాత్రి అంటే పీఎం అని ఎక్కడో నేర్చుకున్న సూత్రాన్ని దానికి తగిలిస్తేనే తప్పు పుడుతుంది. నిర్వచనాలు చెప్పి చూడొచ్చు, కానీ తెల్లవారుజామున నిద్రమత్తులో ఎవరూ నిర్వచనం గుర్తు చేసుకోరు. ఇంకో లోతైన ఇబ్బంది తేదీది. పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మారుతుంది. మన మాటల్లోనూ మంగళవారం రాత్రి రెండింటికి అంటే ఇంకా మంగళవారమే. చార్టులో అది బుధవారం.

కాబట్టి నిర్ణయాన్ని ఆమె తల మీద పెట్టకుండా కాగితం మీద పెట్టాం. నోట్‌బుక్ పేజీని అడ్డంగా ఎర్ర గీతతో విడదీశాం. గీత పైన 8 నుంచి 12 దాకా, ఆ గడుల్లో పీఎం ముందే రాసి ఉంటుంది, పాత తేదీ. గీత కింద 12 నుంచి 8 దాకా, ముందే రాసిన ఏఎం, కొత్త తేదీ. డ్యూటీకి రాగానే రెండు తేదీలూ వేసేయాలి. పన్నెండు గంటల డ్యూటీలో పీఎం నాలుగు గంటలే, ఏఎం ఎనిమిది గంటలు. ఈ ఒక్క సంగతి పేజీ మీద చూశాక ఆమెకు మొత్తం తేటపడింది. సరిగ్గా పన్నెండింటికి ఏదైనా జరిగితే ఏఎం, పీఎం వద్దు, ‘12 మిడ్‌నైట్’ అని రాయాలి. మాటల్లో ‘టూ ఏఎం’ చాలు, ‘నైట్ టూ ఓ క్లాక్’ వద్దు.

డాక్టర్ల చార్టుల్లో 24 గంటల పద్ధతి ఉంటుంది కదా, అదే నేర్పితే ఈ గొడవ ఉండదు కదా అని తోటి టీచర్లు అడగవచ్చు. చదవడానికి నేర్పాం, రైల్వే టైమ్‌టేబుల్ పుణ్యమా అని 20.45 లాంటివి ఆమెకు కొంత తెలుసు కూడా. ఫోన్‌లో కూతురు వాడేది 12 గంటల పద్ధతి గనక మాటకు దాన్నే ఉంచాం.

గతం ముందు, నిత్యం తర్వాత

పాఠ్యపుస్తకాలన్నీ దినచర్యను ‘ఐ గెట్ అప్, హి గెట్స్ అప్’ లాంటి వర్తమాన రూపంతో మొదలుపెడతాయి. ఈ కేసులో ఆ వరసను తిరగేశాం. కారణాలు రెండు. తెలుగులో ‘ఇస్తాను’ రోజూ చేసే పనికీ, ఇకమీద చేసే పనికీ ఒకటే. అందుకే మనవాళ్లు ‘డైలీ ఐ విల్ గివ్’ అంటారు. మందు విషయంలో ‘విల్ గివ్’ అంటే ఇంకా ఇవ్వలేదని అవతలివాళ్లు అనుకుంటారు. ‘ఇచ్చాను’లో అలాంటి రెండర్థాలు లేవు, ‘గేవ్’తో నేరుగా సరిపోతుంది. రెండో కారణం, భూతకాలంలో నేను, ఆయన, వాళ్లు అందరికీ ఒకే రూపం. చివర ‘స్’ తగిలించే బాధ లేదు. ఆమెకు రోజూ కావాల్సింది కూడా నిన్న రాత్రి ఏం జరిగిందన్నదే.

క్రియలు పది లోపే ఎంచుకున్నాం: హ్యాడ్, గేవ్, చెక్డ్, చేంజ్డ్, టర్న్డ్, స్లెప్ట్, వోక్ అప్, కాల్డ్. తినడానికి ‘ఏట్’ను కావాలనే పక్కన పెట్టాం. ఎనిమిదింటికి తిన్నారు అనాల్సి వస్తే ఆ మాట, అంకె, మధ్యలో ‘ఎట్’ మూడూ కలిసి ఒకే శబ్దంలా వినిపిస్తాయి. ‘హి హ్యాడ్ డిన్నర్ ఎట్ ఎయిట్ థర్టీ’ అంటే ఆ ఇబ్బంది లేదు. అదే హ్యాడ్ టీకీ, జ్వరానికీ, నొప్పికీ సరిపోతుంది.

ఆ తర్వాత ఏఫోర్ కాగితాన్ని నిలువుగా మడిచి పది గడులు చేశాం. ఒక్కో గడిలో ఆమె చేతిరాతతో ఒక్క పని, తెలుగులోనే: షుగర్, అన్నం, మాత్రలు, డైపర్, పక్కకు తిప్పడం, ఇలా. గడికి ఒక క్రియ, ఒక వేళ, ఒక వాక్యం. రెండు గడులను కలపకూడదు. కలపాలంటే మధ్యలో ‘దెన్’ మాత్రమే. తెలుగు గొలుసు తెగింది ఇక్కడ. మొదట వరసగా, తర్వాత ఏ గడి మీద వేలు పెడితే ఆ గడి, ఆపైన కింద నుంచి పైకి. బట్టీ వరస ఏర్పడకుండా చూసుకోవడం కోసమే ఇది. చివరికి కాగితం బోర్లా పెట్టి, ఫోన్ స్పీకర్‌లో, పక్క గదిలోంచి నేను అడగడం. ఎదురుగా కూర్చుని అడిగితే ముఖం చూసి ఊహిస్తారు.

అది స్థిరపడ్డాకే నిత్య రూపానికి వెళ్లాం, సెలవు పెట్టినప్పుడు బదులు వచ్చే మనిషికి చెప్పడం కోసం. అప్పటికి గడులూ వేళలూ నోటికి వచ్చేశాయి కాబట్టి మారేది క్రియ ఒక్కటే. ‘రెండు గంటలకోసారి’ దగ్గర ‘టూ అవర్స్ వన్స్’ వచ్చింది, మన ప్రాంతంలో ఇది దాదాపు తప్పనిసరిగా వస్తుంది. ‘ఎవ్రీ టూ అవర్స్’ను ముక్కగా నేర్పడమే మార్గం. పరగడుపున అన్నదానికి ‘ఆన్ ఎంప్టీ స్టమక్’ చాలు. ఎనిమిదింటికల్లా, ఎనిమిది దాకా అన్న తేడా ఆమెకు తెలుగులో స్పష్టంగా ఉంది కాబట్టి కల్లాకు ‘బై’, దాకాకు ‘టిల్’ అని చెప్పగానే పట్టుకుంది. ఎక్కువ తప్పులు వచ్చింది ‘రెండు రోజుల నుంచి జ్వరం’ దగ్గర. ‘ఫ్రమ్ టూ డేస్’ అనకుండా ‘ఫర్ టూ డేస్’ అనడానికి చాలాసార్లు చెప్పించాల్సి వచ్చింది.

ఎంతవరకు వచ్చింది

కూతురి ఫోన్‌కు ఇప్పుడు ఎవరి సాయమూ లేకుండా జవాబు చెబుతుంది. నోట్‌బుక్‌లో ఏఎం, పీఎం తారుమారు కావడం ఆగింది. వేగంగా మాట్లాడితే ‘హి టేక్ టాబ్లెట్’ అని ‘స్’ ఎగిరిపోతూనే ఉంది, ‘ద’ దాదాపు లేదు. వాటిని దిద్దే పని పెట్టుకోలేదు. తప్పుల్ని వ్యాకరణం బరువుతో కాక, జరిగే నష్టంతో తూచాం. ‘స్’ పోతే మందు వేళ మారదు, ఏఎం పోతే మారుతుంది. పరీక్ష రాయాల్సిన ఆరో తరగతి పిల్లలకైతే ఈ తూకం చెల్లదు. వాళ్లకు పాస్ట్, టు రాయడం రావాలి, ‘స్’కు మార్కులున్నాయి. గడుల కాగితం, కలగాపులగం ప్రశ్నలు మాత్రం వాళ్లకూ అలాగే పనికొస్తాయి. పది గడుల్లో పుస్తకంలోని పిల్లవాడి రోజు కాకుండా వాళ్ల రోజే ఉండాలి: బోరింగు దగ్గర నీళ్లు, హాస్టల్ గంట, ట్యూషన్.

పని ముగిసిందనుకున్నాక మిగిలిన ఒక ముడి ఫోన్ వేళదే. ‘ఐ విల్ కాల్ ఎట్ టెన్ థర్టీ’ అంటే ఎవరి పదిన్నర? అమెరికా తూర్పు తీరంలో ఎండాకాలంలో మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదిన్నర గంటలు. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం మారుతుంది, ఇక్కడ మారదు. హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదికి అక్కడ ఒక కాలంలో పొద్దున పదిన్నర, ఇంకో కాలంలో తొమ్మిదిన్నర. ఈ లెక్క ఆమెకు నేర్పలేదు. ఫోన్‌లోని వరల్డ్ క్లాక్‌లో ఆ ఊరు పెట్టి, ‘ఇండియా టైమ్, మేడమ్?’ అన్న ప్రశ్న నేర్పాం. ఆ రెండు తేదీలను మాత్రం నోట్‌బుక్ అట్ట లోపల రాసి ఉంచుకోమన్నాం, ఆ వారం ఫోన్ గంట ముందో వెనకో వస్తే కంగారు పడకుండా.